పాత బ్రిటిష్ బంగారు నాణెం: సావరినా, అర సావరినా, గినీయా? గుర్తుపట్టడం, వెల కట్టడం, ఎంచుకోవడం

ఇనప్పెట్టె అడుగునో, నాయనమ్మ కాసులపేరులోనో రాజు బొమ్మ ఉన్న బంగారు నాణెం దొరికితే ముందు తేల్చుకోవాల్సింది దాని ధర కాదు, అది ఏ నాణెం అన్నది. ఒకే బరువు, ఒకే మెరుపు ఉన్న రెండు కాసుల్లో ఒకటి కరిగించే ధరకే పోతుంది. రెండోది సేకరణదారుల చేతికి చేరితే అంతకు ఎన్నో రెట్లు పలుకుతుంది. తేడా ఒక చిన్న అక్షరంలోనో, ముద్రించిన సంవత్సరంలోనో ఉంటుంది. అయితే మన ఇళ్ళలో కనిపించే వాటిలో ఎక్కువ భాగం మొదటి రకమే. వాటికి బంగారం ధరే అసలు ధర. ఈ సంగతి ముందే తెలిస్తే అమ్మేటప్పుడు తక్కువకు ఇచ్చేయరు, కొనేటప్పుడు కథలు విని ఎక్కువ పెట్టరు.

ఈ నాణేలు మన దగ్గరికి రావడానికి ఒక కారణం ఉంది. 1899లో బ్రిటిష్ ప్రభుత్వం సావరిన్‌ను ఇండియాలో 15 రూపాయల విలువతో చెల్లుబాటు చేసింది. 'పది సవర్ల బంగారం' అన్నప్పుడు ఆ సవర సావరినే. కాసన్నా సవరన్నా 8 గ్రాములని వాడుకలో లెక్క కడతాం గానీ, అసలు సావరిన్ బరువు 7.988 గ్రాములు. ఆ తేడా ఎక్కడ డబ్బు తింటుందో వెల కట్టే దగ్గర చూద్దాం.

ముందు తూకం, తర్వాతే బొమ్మ

0.01 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ తూకం, ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉంటే చాలు. ఇనుప కాలిపర్ వాడొద్దు, అంచు మీద గీత పడుతుంది. నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తండి, ముఖాన వేలు పెట్టకండి.

సావరిన్ 7.988 గ్రాములు, వ్యాసం 22.05 మిల్లీమీటర్లు, మందం సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు. అర సావరిన్ 3.994 గ్రాములు, వ్యాసం 19.3 మిల్లీమీటర్ల దగ్గర. గినీ వీటికంటే పాతది. బరువు సుమారు 8.35 గ్రాములు, వెడల్పు 24 నుంచి 25 మిల్లీమీటర్లు ఉండి సావరిన్ కంటే పలచగా అనిపిస్తుంది. అర గినీ 4.2 గ్రాములకు కాస్త తక్కువ, మూడో వంతు గినీ 2.8 గ్రాములు. అన్నీ 22 క్యారెట్లే, అంటే పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు బంగారం.

చేతులు మారిన నాణెం అరుగుతుంది. సావరిన్ 7.938 గ్రాములకు, అర సావరిన్ 3.961 గ్రాములకు తగ్గితే చెలామణికి పనికిరాదని బ్రిటిష్ చట్టమే హద్దు పెట్టింది. కాబట్టి 7.94, 7.96 చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. 8.00 దాటితేనే అనుమానించాలి. టంకశాల అనుమతించిన హెచ్చుతగ్గు 0.013 గ్రాములే, వాడకంలో నాణెం బరువు పెరగదు. 8.05 చూపించిందంటే దానికి కొండి అతికిన టంకం మిగిలి ఉండాలి, లేదా ఆ నాణెం టంకశాల నుంచి వచ్చింది కాదు.

తూకం, కొలత సరిపోయాక నీటి పరీక్ష చేయండి. తూకం మీద సగం నీళ్ళున్న చిన్న గ్లాసు పెట్టి సున్నాకు తెండి. నాణేనికి సన్నని కుట్టుదారం కట్టి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా వేలాడదీయండి. మిషన్ 0.45 చూపిస్తే 22 క్యారెట్ల సావరిన్‌కు సరిపోయినట్టే. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే 17.6 దగ్గర వస్తుంది, అదే దాని సాంద్రత. 18 క్యారెట్ల బంగారంతో అదే బరువుకు చేసినదైతే 0.52 దగ్గర చూపిస్తుంది. నాణెం కింద గాలిబుడగ అంటుకుంటే అంకె పెరిగి మంచి నాణెం కూడా నకిలీలా కనిపిస్తుంది. అందుకే ముంచగానే ఒకసారి మెల్లగా కదిలించి, మూడుసార్లు కొలిచి చూడాలి. అర సావరిన్‌కు ఈ అంకె 0.227 మాత్రమే. 0.01 మిషన్‌తో అది నమ్మకంగా తేలదు, 0.001 చూపించేది కావాలి.

గీటురాయి మీద మాత్రం రుద్దనివ్వొద్దు. ఒక్క గీటుకు అంచున బల్లపరుపు మచ్చ పడుతుంది, సేకరణదారు మొదట చూసేది దాన్నే. నగల దుకాణంలో ఎక్స్‌రేతో లోహం పాళ్ళు చూపించే ఎక్స్‌ఆర్‌ఎఫ్ మిషన్ ఉంటే అందులో పెట్టించండి, నాణేనికి ఏమీ కాదు. అయితే ఆ మిషన్ పై పొరనే చూస్తుంది. లోపల తేలికైన వేరే లోహం ఉందా లేదా అన్నది నీటి పరీక్షే చెప్పాలి.

బొమ్మ ఎవరిది, బొరుసు మీద ఏముంది

నేటి సావరిన్ 1817లో మూడో జార్జి కాలంలో మొదలైంది. బొరుసు మీద గుర్రమెక్కి డ్రాగన్‌ను చంపుతున్న సెయింట్ జార్జి బొమ్మ చెక్కినవాడు బెనెడెట్టో పిస్ట్రూచి. భూతద్దంతో చూస్తే సంవత్సరం పక్కన, కుడివైపు 'బి.పి.' అని అతని పొడి అక్షరాలు కనిపిస్తాయి. ఆ రెండు అక్షరాలు ముద్దగా ఉంటే మిగతా నాణేన్ని రెట్టింపు జాగ్రత్తగా చూడాలి.

నాలుగో జార్జి కాలం చివర్లో, నాలుగో విలియం కాలం మొత్తం, విక్టోరియా తొలి మూడు దశాబ్దాలు బొరుసు మీద గుర్రం ఉండదు, కిరీటంతో డాలు ఉంటుంది. గుర్రం మళ్ళీ వచ్చింది 1871లో. కాబట్టి 1850 అని ఉండి వెనక గుర్రం కనిపిస్తే ఆ నాణేన్ని పక్కన పెట్టేయొచ్చు. లండన్ డాలు సావరిన్లు 1874తో ఆగాయి. 1863 నుంచి 1874 వరకు వచ్చిన వాటిలో చాలావాటికి డాలు కింద చిన్న అంకె ఉంటుంది. అది ఎవరో గీకింది కాదు, అచ్చు నంబరు.

విక్టోరియా ముఖాలు మూడు. జుట్టు ముడితో, కిరీటం లేని చిన్న వయసు ముఖం 1838 నుంచి 1887 వరకు. నెత్తిన చిన్న కిరీటంతో జూబిలీ ముఖం 1887 నుంచి 1893 వరకు. మేలిముసుగు వేసుకున్న ముసలి ముఖం 1893 నుంచి 1901 వరకు. ఆ తర్వాత కుడివైపు చూసే బోడితల గడ్డం రాజు ఏడో ఎడ్వర్డ్, 1902–1910. ఎడమవైపు చూసే గడ్డం రాజు ఐదో జార్జి, 1911 నుంచి 1932 వరకు. ఇతని మెడ తెగిన చోట 'బి.ఎం.' అని ఉంటుంది, అది శిల్పి బెర్ట్రమ్ మెకెన్నల్ గుర్తు. ఆరో జార్జి సావరిన్ 1937లో, అదీ సేకరణదారుల కోసం చేసిన ప్రత్యేక సెట్లలో మాత్రమే వచ్చింది. వేరే సంవత్సరం వేసి ఆరో జార్జి సావరిన్ అని ఎవరైనా అంటే నమ్మొద్దు. ఎలిజబెత్ రాణివి 1957 నుంచి మొదలు.

తర్వాత టంకశాల అక్షరం. దీన్ని ఎక్కడ వెతకాలో తెలియక చాలామంది 'అక్షరం లేదు, లండన్‌దే' అనేస్తారు. జూబిలీ నుంచి ఐదో జార్జి వరకు అది బొరుసు మీద, గుర్రం కాళ్ళ కింద, సంవత్సరానికి పైనున్న నేల గీత మధ్యలో ఆవగింజంత ఉంటుంది. విక్టోరియా చిన్న వయసు ముఖం, వెనక గుర్రం ఉన్న రకంలో రాణి మెడ కింద ఉంటుంది. డాలు రకంలో డాలు కింద ఆకుల దండ దిగువన ఉంటుంది. 'ఎస్' సిడ్నీ, 'ఎం' మెల్‌బోర్న్, 'పి' పెర్త్, 'సి' ఒట్టావా, 'ఎస్ఏ' ప్రిటోరియా. 'ఐ' మన బొంబాయి, అదీ 1918 ఒక్క సంవత్సరమే. ఇప్పటి సావరిన్ మీద అదే 'ఐ' కనిపిస్తే తికమక పడకండి. 2013 నుంచి ఎంఎంటీసీ-పాంప్ అనే సంస్థ లైసెన్సుతో ఇండియాలో ముద్రించిన కొత్త వాటికీ ఆ అక్షరమే ఉంటుంది.

అదే 1918లో బొంబాయిలో ఇంకో నాణెం పుట్టింది. సావరిన్ బరువు, సావరిన్ మచ్చు (బంగారం పాలు), ముందు కిరీటం పెట్టుకున్న ఐదో జార్జి, వెనక '15 రూపాయలు' అని ఇంగ్లిష్‌లో. దీన్ని సావరిన్ అని అమ్మేస్తే నష్టం. ఇది ఒక్క ఏడాదే వచ్చిన భారతీయ నాణెం. మన దేశపు సేకరణదారులు దీన్ని విడిగా వెతుక్కుని కొంటారు.

నకిలీలు ఎక్కడ దొరికిపోతాయి

అన్ని నకిలీలూ ఇత్తడివి కావు. 1950లు, 60ల్లో బీరూట్ చుట్టుపక్కల తయారైన సావరిన్లలో నిజమైన బంగారమే ఉంది. వాటికి కరిగింపు విలువ ఉంటుంది, సేకరణ విలువ ఉండదు. ఇలాంటివి తూకంలో నెగ్గుతాయి, సంవత్సరంలో ఓడిపోతాయి. లండన్ 1918లో సావరిన్ ముద్రించలేదు. కాబట్టి 1918 అని ఉండి ఏ అక్షరమూ లేకపోతే అది నకిలీయే. 1917 లండన్ నాణెం నిజంగా ఉంది గానీ చాలా అరుదు. అందుకే 1917 మీద నకిలీలు లెక్కలేనన్ని, అక్షరం గీకేసినవి కూడా తిరుగుతాయి. నేల గీత మధ్యలో చదునుగా, చుట్టూ ఉన్న మెరుపుకు భిన్నంగా మచ్చ ఉందేమో భూతద్దంతో ఏటవాలు వెలుతురులో చూడాలి.

అర సావరిన్‌కు ఇంకా సులువైన గుర్తు ఉంది. 1893కు ముందు ఏ అర సావరిన్ మీదా గుర్రం లేదు, దాదాపు అన్నీ డాలువే. జూబిలీ ముఖంతో గుర్రం ఉన్న అర సావరిన్ చూపిస్తే అది నగల కోసం పోసిన బిళ్ల.

గినీల్లో పెద్ద ఉచ్చు ఇత్తడి ఆటబిళ్లలు. మూడో జార్జి 1787 నుంచి 1799 వరకు ముద్రించిన గినీ బొరుసు మీది డాలు ఇస్పేటు ఆకారంలో ఉంటుంది కాబట్టి దాన్ని స్పేడ్ గినీ అంటారు. విక్టోరియా కాలంలో పేకాటకు వాడే ఇత్తడి బిళ్లలు అచ్చం ఇలాగే చేశారు. వాటి చుట్టూ 'ఇన్ మెమరీ ఆఫ్ ది గుడ్ ఓల్డ్ డేస్' అని రాసి ఉంటుంది. అసలు గినీ మీద ఉండేది లాటిన్ బిరుదుల పొట్టి అక్షరాల వరుస, చదివితే అర్థమయ్యే ఇంగ్లిష్ మాట ఒక్కటీ ఉండదు. అలాంటిదే మరొకటి, విక్టోరియా ముఖం, వెనక గుర్రపు రౌతు, 'టు హనోవర్' అన్న మాట, 1837. ఇదీ ఇత్తడే, సావరిన్ కాదు. వీటిని తూకం వేస్తేనే తేలిపోతుంది. సావరిన్ కొలతకు చేసిన ఇత్తడి బిళ్ల నాలుగు గ్రాములు కూడా తూగదు.

పోత పోసిన నకిలీలో అంచు గాట్లు మెత్తగా, ఒకచోట కలిసిపోయినట్టు ఉంటాయి, గుంటల్లో సూదిమొనంత బుడిపెలు కనిపిస్తాయి. అచ్చు కొట్టిన అసలు నాణెంలో అరుగుదల ఎత్తైన చోట్లే కనిపించాలి: రాజు చెంప ఎముక, మీసం, గుర్రం భుజం, డ్రాగన్ రెక్క. పల్లపు చోట్ల వివరం చెరిగి ఎత్తైన చోట్ల గుండ్రంగా ఉంటే అది అరుగుదల కాదు, నాసిరకం అచ్చు.

వెల కట్టే లెక్క

సావరిన్‌లో స్వచ్ఛమైన బంగారం 7.322 గ్రాములు, అర సావరిన్‌లో 3.661, గినీలో సుమారు 7.65. ఆ రోజు 24 క్యారెట్ల గ్రాము ధరతో గుణిస్తే కరిగింపు విలువ వస్తుంది. లెక్క సులువుగా ఉండడానికి గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే సావరిన్ 73,220, అర సావరిన్ 36,610, గినీ 76,500 చుట్టూ. నాణెం అరిగి 7.94 తూగితే 7.94ను 0.9167తో గుణించి లెక్కకట్టాలి, 72,786 వస్తుంది.

ఇక్కడే '8 గ్రాముల కాసు' మాట దెబ్బ కొడుతుంది. 8ని నేరుగా 24 క్యారెట్ల ధరతో గుణిస్తే 80,000. అంటే లేని బంగారానికి 6,780 రూపాయలు పెట్టినట్టు. అమ్మేవారు ఈ లెక్క చెబితే కాగితం మీద 7.322 రాసి చూపించండి. బోర్డు మీద ఉన్నది 22 క్యారెట్ల ధర అయితే మళ్ళీ 0.9167తో తగ్గించకూడదు, 7.988తోనే గుణించాలి. పాత నాణెం మీద తరుగు, మజూరీ అని కోస్తే ఒప్పుకోవద్దు. నగలో టంకం, రాళ్ళు, లక్క ఉంటాయి కాబట్టి కోత ఉంటుంది. ఇక్కడ మచ్చు, తూకం రెండూ తెలిసినవే.

దీని మీద ఎంత ఎక్కువ వస్తుందన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: రకం, సంవత్సరం, టంకశాల, స్థితి. ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జి మామూలు సంవత్సరాలు, విక్టోరియా ముసుగు ముఖం అయితే కరిగింపు విలువ మీద కొద్దిగానే. డాలు సావరిన్లు ఇంకొంచెం పైకి. నాలుగో జార్జి, విలియం కాలపువి ఏ సంవత్సరమైనా అరుదే. 1819, 1841, లండన్ 1879, ఒట్టావా 1908, సిడ్నీ 1920 అని కనిపిస్తే ఎవరికీ చెప్పకుండా ముందు నిపుణుడి దగ్గరికి వెళ్ళండి. ఒట్టావా 1908లో ముద్రించినవి 636 మాత్రమే. అరుదైన సంవత్సరానికే నకిలీలు ఎక్కువన్నది కూడా గుర్తుంచుకోవాలి.

స్థితి దగ్గర మన అలవాట్లే చేటు చేస్తాయి. చింతపండుతో, కుంకుడు రసంతో తోమడం, మెరుగు పెట్టించడం నగకు మంచిదే, నాణేనికి కాదు. నూరేళ్ళ ఉపరితలం పోయి సన్నని గీతల మెరుపు మిగులుతుంది, అది ఇక తిరిగి రాదు. కాసులపేరు కోసం కొండి అతికిన నాణెం కరిగింపు విలువకే పరిమితం. కొండి తీయించి అంచు సరిచేయించినా టంకం మచ్చ భూతద్దంలో తెలుస్తుంది. గొలుసులో ఉన్నది ఉన్నట్టే ఉంచుకోవడం మంచిది, విడగొడితే నగ విలువా పోతుంది.

కొనాలంటే ఏది

బంగారం దాచుకోవడమే ఉద్దేశమైతే ఐదో జార్జి లేదా ఏడో ఎడ్వర్డ్ మామూలు సావరిన్. రకాలు తెలిసినవి, పోల్చి చూడడానికి సమాచారం దొరుకుతుంది, మళ్ళీ అమ్మడం తేలిక. అర సావరిన్ చిన్న మొత్తంలో కొనడానికి వీలే గానీ, గ్రాముకు లెక్కేస్తే సాధారణంగా ఎక్కువ పడుతుంది, పరీక్షించడం కూడా కష్టం. రెండు అరల కంటే ఒక పూర్తి సావరిన్ మేలు, కొద్దికొద్దిగా అమ్ముకునే అవసరం ఉంటే తప్ప.

సేకరణ మొదలుపెట్టాలంటే 1863–1874 డాలు సావరిన్‌తో మొదలుపెట్టండి. అందం ఉంది, వయసు ఉంది, ధర మరీ అందనిది కాదు. గినీని మొదటి కొనుగోలుగా తీసుకోవద్దు. 1663 నుంచి 1814 వరకు ముద్రించిన ఆ నాణేల్లో లోహం విలువ కంటే స్థితి విలువే ఎక్కువ. అప్పట్లో వాటిని పతకంలా బిగించి వేసుకున్నారు కాబట్టి అంచు మరమ్మతు చేసినవి చాలా ఉన్నాయి, దాన్ని పట్టుకోవడానికి కన్ను అలవాటు కావాలి. 1813 మిలిటరీ గినీ దగ్గర ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో ఉన్న బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ సైన్యానికి చెల్లించడానికి 80,000 మాత్రమే చేశారు.

అమ్మాలంటే ఎవరికి, చట్టం ఏమంటుంది

మామూలు సంవత్సరం, అరిగినది, కొండి అతికినది అయితే నగల దుకాణమే చాలు. ఇద్దరు ముగ్గురి దగ్గర ధర అడిగి ఎక్కువ ఇచ్చేవారికి ఇవ్వండి. డాలు రకం, 15 రూపాయల నాణెం, బొంబాయి 1918, గినీ అయితే నాణేల డీలర్‌కు చూపించాలి. నిజంగా అరుదైనదైతే వేలం. అక్కడ కమీషన్ పోతుంది, డబ్బు నెలల తర్వాత వస్తుంది, కానీ సరైన ధర కట్టేవారు అక్కడే ఉంటారు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన నాణెం పురావస్తువే. కేంద్రం అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశీ సంస్థతో గ్రేడింగ్ (స్థితికి శ్రేణి కట్టడం) చేయించడానికి 1911 సావరిన్‌ను పోస్టులో పంపినా ఇదే చిక్కు. ఇటువంటి వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి, అడిగి చూడండి. పాత ఇంటి పునాది తవ్వుతుంటే దొరికితే అది మీ ఇంటి బంగారం కాదు. 1878 నిధి చట్టం ప్రకారం కలెక్టర్‌కు తెలియజేయాలి. విదేశాల నుంచి వచ్చేవారికి నగల మీద ఉండే సుంకం మినహాయింపు నాణేలకు వర్తించదు.

బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారికి లెక్క వేరు. అక్కడ 1837 తర్వాతి సావరిన్లు చెల్లుబాటు నాణేలు కాబట్టి అమ్మిన లాభం మీద మూలధన లాభాల పన్ను ఉండదు. గినీకి ఆ సౌకర్యం లేదు. అక్కడ కొనేవారు సావరిన్ వైపే మొగ్గడానికి ఇదొక మంచి కారణం.

అమ్మేదాకా ఒక్కో నాణేన్ని విడివిడిగా, పీవీసీ లేని ప్లాస్టిక్ కవరులో పెట్టండి. రెండూ ఒకే సంచిలో వేస్తే అంచులు రాసుకుని ముఖాల మీద గుంటలు పడతాయి. చీటీ మీద తూకం, వ్యాసం, నీటి పరీక్ష అంకె, సంవత్సరం, అక్షరం రాసి, బొమ్మా బొరుసూ ఫోటో తీసి ఉంచుకోండి. దుకాణంలో తూకం వేసేటప్పుడు మిషన్ అంకె మీకు కనిపించేలా ఉండాలి, అది మీ చీటీతో 0.02 గ్రాములకు మించి తేడా వస్తే నాణెం వెనక్కి తీసుకుని ఇంకో చోట తూచండి.